అన్ని పేజీలూ ఒక్కచోట
(వార్షిక మహాజన సభలో సమాచార ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, జీవనోపాధుల ఉపసంఘాలవాళ్ళు మాకంటే ముందు మాట్లాడారు. వాళ్ళవన్నీ లక్షల్లో, కోట్లలో ఉండే లెక్కలు. మా దగ్గర అలాంటి లెక్కేమీ లేదండి. ఈ ఏడాది మేం చేసిన పని ఒక్క ముక్కలో అయిపోతుంది: మన సమాఖ్య వెబ్‌సైటులో కొత్తగా ఒక పేజీ పెట్టాం. దాని పేరు "అన్ని పేజీలూ ఒక్కచోట". కంప్యూటరువాళ్ళు దాన్ని సైట్‌మ్యాప్ అంటారు. ఒక్క పేజీకి ఇంత ప్రసంగమా అని వెనక వరసలో ఎవరో అనుకుంటున్నట్టే ఉంది. అనుకోండి, తప్పులేదు. మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం.

కిందటి వానాకాలంలో ఒక లంక ఊరి నుంచి ఒక అక్క ఆఫీసుకు వచ్చింది. ఆవిడ గ్రూపులో ఒక సభ్యురాలు చనిపోయింది. పిల్లలు చిన్నవాళ్ళు. బీమా క్లెయిము ఫారం కోసం వచ్చింది. మా బల్ల దగ్గర ఉన్నవాళ్ళం మామూలుగా ఏం చెప్తామో అదే చెప్పాం: "వెబ్‌సైటులో ఉందండి, నెట్ సెంటరులో తీయించుకోండి." ఆవిడ నిలబడే అంది, "మా అమ్మాయి డిగ్రీ చదువుతుంది. రెండు రాత్రులు ఫోనులో వెతికింది. లేదంది. నెట్ సెంటరాయన కూడా చూశాడు, ఆయనా లేదన్నాడు. చూసినందుకు డబ్బులు మాత్రం తీసుకున్నాడు."

మేం ఒప్పుకోలేదు. ఫారం మేమే పెట్టించాం, మాకు తెలీదా? కంప్యూటరు ముందు కూర్చుని, చూపిస్తాం రండమ్మా అన్నాం. ఇక చూడండి. పది నిమిషాలైంది, ఇరవై అయింది. "పథకాలు" నొక్కితే పథకాల బొమ్మలు వచ్చాయి. "డౌన్‌లోడ్స్" నొక్కితే ఎప్పటివో శిక్షణ కరపత్రాలు వచ్చాయి. చివరికి ఎక్కడ దొరికిందంటే, "కార్యక్రమాలు" అనే మాట కింద "సామాజిక భద్రత", దాని కింద ఒక పాత సర్క్యులరు, ఆ సర్క్యులరు ఆఖరి వాక్యంలో "ఇక్కడ నొక్కండి" అనే రెండు మాటలు. ఆ రెండు మాటల వెనక దాక్కుని ఉంది ఫారం. పెట్టించినవాళ్ళకే అంతసేపు పట్టింది.

ఆ అక్క మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. క్లెయిములకు గడువులుంటాయని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ రెండు రాత్రులు, ఆ ఆటో చార్జీలు, ఆ రోజు కూలి మేం తిరిగివ్వలేం. మన సొమ్ముతో పెట్టుకున్న వెబ్‌సైటులో మన ఫారం ఉంది. ఉండీ లేనట్టే ఉంది.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. మన సభ్యురాళ్ళలో చూపు లేని చెల్లెమ్మ ఒకరున్నారు. ఫోను బాగా వాడుతుంది, మనకంటే బాగానే. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్ అని ఒక సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేస్తే వేలు పెట్టిన చోట ఏముందో ఫోను పైకి చదువుతుంది. వేలితో కుడివైపుకు ఒకసారి జరిపితే తర్వాతి మాట చదువుతుంది. ఆ చెల్లెమ్మను ఆఫీసుకు పిలిచి, మన వెబ్‌సైటు తెరిచి వినిపించమన్నాం. ఫోను ఏమందో తెలుసా? "బటన్." ఇంకోటి జరిపితే "బటన్." మళ్ళీ "చిత్రం." పైన మూలన మూడు గీతల గుర్తు ఉంటుంది చూశారూ, మెనూ దాంట్లోనే ఉంటుంది. ఆ గుర్తుకు పేరు పెట్టలేదు కాబట్టి అది ఏ బటనో ఫోనుకు తెలీదు. పేరు తెలీనిదాన్ని ఎలా పిలుస్తుంది? మనకైతే కళ్ళున్నాయి, మూడు గీతలు కనపడతాయి. కళ్ళున్న మనలో కూడా ఆ మూడు గీతలంటే ఏంటో తెలీనివాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే సగం హాలు ఎత్తుతుంది.

ఆ చెల్లెమ్మ కోరింది చాలా చిన్నది. "మొత్తం ఏమేం ఉన్నాయో ఒకచోట వరసగా రాసి పెట్టండక్కా. బొమ్మలొద్దు. నేను వింటా వెళ్ళి నాకు కావాల్సింది దగ్గర ఆగుతాను" అంది. సైట్‌మ్యాప్ అంటే సరిగ్గా అదే. ఆ మాట తెలీకుండానే ఆవిడ దాన్ని అడిగింది.

మేం ఆఫీసు కంప్యూటరులో కూడా ఒక సాఫ్ట్‌వేరు పెట్టించాం. ఎన్‌.వి.డి.ఎ. అంటారు. ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టాడు, చూపు లేని ఇంకో స్నేహితుడు తోడయ్యాడు. పైసా తీసుకోకుండా ప్రపంచమంతా వాడుకోనిస్తున్నారు. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మటుకు మర గొంతే, నవ్వొస్తుంది. మానిటరు ఆపేసి, ఆ గొంతు ఒక్కటే వింటూ క్లెయిము ఫారం వెతకమని మాలో ముగ్గురు పందెం వేసుకున్నాం. ముగ్గురం ఓడిపోయాం.

ఇది మన ఒక్కళ్ళకే వచ్చిన ఆలోచన కాదు. వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008 డిసెంబరులో ప్రకటించిన మార్గదర్శకాల్లో ఒక నియమం ఉంది: ఒక సైటులోని పేజీకి చేరడానికి ఒకటికి మించి దారులుండాలి. మెనూ ఒక దారి. వెతికే పెట్టె ఇంకో దారి. సైట్‌మ్యాప్ మరో దారి. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. ప్రభుత్వ సైట్లు చాలావాటిలో పై వరసలోనో అట్టడుగునో "సైట్‌మ్యాప్" అని కనపడేది అందుకే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం వాళ్ళకు అందేలా ఉండాలని చెప్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడికి గురైన ఆడవాళ్ళు, చూపు లేనివాళ్ళు ఆన్‌లైన్ కేవైసీ చేయలేకపోతున్నామని కోర్టుకెక్కారు. ఫోను ముందు కనురెప్ప ఆర్పమంటే, ఆ దాడిలో రెప్పలు పోయినవాళ్ళు ఏం ఆర్పుతారండి? ఆ కేసులో కోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అంది. అంత పెద్ద మాటకూ మన చిన్న సమాఖ్య సైటుకూ పోలికేంటని అనకండి. క్లెయిము ఫారం దొరకని ఇంటికి రెండూ ఒకటే.

ఇక సైటు తయారుచేసిన అబ్బాయిని పిలిచాం. "సైట్‌మ్యాప్ ముందే ఉందండి" అన్నాడు. మేం ఆశ్చర్యపోయి చూపించమంటే ఒక పేజీ తెరిచాడు. నిండా ఇంగ్లీషు అక్షరాలు, బాణాల్లాంటి గుర్తులు, తేదీలు. ఇది ఎవరు చదువుతారయ్యా అంటే, "గూగుల్ చదువుతుందండి" అన్నాడు. ఆ పిల్లాడు అబద్ధం చెప్పలేదు. సైట్‌మ్యాపులు రెండు రకాలు. ఒకటి వెతికే యంత్రాల కోసం. 2005లో గూగుల్ ఆ పద్ధతి తెచ్చింది, మరుసటి ఏడు యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా కలిశాయి. రెండోది మనుషుల కోసం. మన సైటులో యంత్రానికి పటం ఉంది, మనిషికి లేదు. అతను ఇంకో మాట కూడా అన్నాడు: "పెద్ద పెద్ద కంపెనీలే తీసేస్తున్నాయండి, ఎవరూ చూడరు." ఎవరూ చూడకపోయినా పర్లేదు బాబూ, ఆ చెల్లెమ్మ ఒక్కతీ చూస్తుంది, మిగతావాళ్ళు దారి తప్పినప్పుడు చూస్తారు అన్నాం. మంచివాడే, ఒప్పుకున్నాడు.

కానీ పటం గీయాలంటే ముందు ఊళ్ళో ఏమేం ఉన్నాయో తెలియాలిగా. అక్కడ మాకు పాత పని గుర్తొచ్చింది. వెలుగు ప్రాజెక్టు రోజుల్లో ఊరి మధ్య నేలమీద ముగ్గుతో సామాజిక పటం వేసేవాళ్ళం, పెద్దవాళ్ళకు జ్ఞాపకముండే ఉంటుంది. రోడ్డు, బడి, గుడి, చెరువు, కాలువ, ఒక్కో ఇల్లు. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు పేదలు అని అందరూ చుట్టూ నిలబడి చెప్పేవాళ్ళు. ఎవరో ఒక పెద్దావిడ "మా కాలువ గట్టు ఇళ్ళేవీ?" అని అరిచేది. పటంలో పడని ఇల్లు తర్వాత జాబితాలో కూడా పడేది కాదు. అందుకే అరిచేది.

అదే పని చేశాం. సమాఖ్య హాల్లో నేలమీద ముగ్గుతో డబ్బాలు గీసి, సైటులో ఉన్న ప్రతి పేజీకీ ఒక చీటీ రాసి పెట్టాం. కంప్యూటరు తెలిసినవాళ్ళు నొక్కుతూ ఉంటే తెలియనివాళ్ళు చీటీలు సర్దారు. ఒక పూటలో అవుతుందనుకున్నది మూడు రోజులైంది. చీటీలన్నీ పరిచాక కనపడినవి చూస్తే మాకే సిగ్గేసింది.

కొన్ని తలుపుల వెనక ఇల్లే లేదు. "విజయ గాథలు" అని మెనూలో ఉంది, నొక్కితే ఖాళీ. కొన్ని ఇళ్ళకు తలుపే లేదు. పేజీ సైటులో ఉంది, కానీ ఏ పేజీ నుంచీ దానికి దారి లేదు. అబ్బాయి లోపలి జాబితా తీసి చూపిస్తేనే బయటపడింది. అలా దారి లేకుండా పడి ఉన్నవాటిలో ఒకటి ఫిర్యాదుల పేజీ. రెండోది అంతకుముందు సంవత్సరం ఆడిట్ రిపోర్టు.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాం, ఇది అందరూ వినాల్సింది. ఆ రెండూ ఎవరో కావాలని దాచారని మేం అనడం లేదు. మెనూ మార్చినప్పుడు పాత దారి తెగిపోయింది, అంతే. కానీ తెగినవి ఆ రెండే ఎందుకయ్యాయి? ఫోటోల పేజీకి నాలుగు దారులున్నాయి. సన్మానాలు, శాలువాలు, రిబ్బను కత్తిరింపులు ఏ మూల నొక్కినా వస్తాయి. కాలువలో నీళ్ళు ముందు మోతుబరి చేలకు అందుతాయి, శివారుకు వచ్చేసరికి తడి కూడా ఉండదు. ఈ కోనసీమలో పుట్టినవాళ్ళకు అది విడమరిచి చెప్పక్కర్లేదు.

పటంలో ఈ రెండు పేజీలను పైన పెట్టాలని మేమన్నాం. పాలకవర్గ సమావేశంలో చర్చ బాగానే నడిచింది. "ఆడిట్ అంత ఎదురుగా ఎందుకమ్మా, అడిగినవాళ్ళకు చూపిద్దాం" అన్నారు కొందరు. వాళ్ళ భయం మాకు అర్థమైంది. ఆడిట్‌లో అభ్యంతరం ఒక్కటి రాసినా ఊళ్ళో పది మాటలవుతాయి. కానీ అడిగితే చూపిస్తాం అంటే అడగగలిగేవాళ్ళకే చూపిస్తాం అని. లంక నుంచి వచ్చిన ఆ అక్క అడగలేదు, మేం తప్పు చెప్పినా ఊరుకుంది. మన సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనది. దీనికి యజమానులు సభ్యులు. యజమానురాలు తన లెక్క చూసుకోవడానికి ఎవరి గుమ్మం దగ్గర నిలబడాలి? చివరికి తీర్మానం పాసైంది. వ్యతిరేకించిన వదినగారే మొదటి సంతకం పెట్టారు, అది కూడా ఇక్కడ చెప్పాలి.

తర్వాత పేర్ల గొడవ వచ్చింది. ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ అసలు పని ఇందులోనే ఉంది. సైటులో పేర్లన్నీ ఆఫీసు పేర్లు. "ఆర్థిక సమ్మిళితం" అని ఒకటి. మీలో ఎవరైనా ఇంట్లో ఆ మాట వాడారా? మనం "లోను" అంటాం, "పొదుపు" అంటాం, "కిస్తీ" అంటాం. పటంలో అవే రాశాం. "లోను కావాలంటే", "కిస్తీ, వడ్డీ లెక్కలు", "సభ్యురాలు చనిపోతే చేయాల్సినవి", "ఫారాలు", "మన లెక్కలు, ఆడిట్", "ఫిర్యాదు చేయాలంటే". "చనిపోతే" అనే మాట అశుభంగా ఉందని ఒకరన్నారు. "సామాజిక భద్రత" అని శుభంగా రాసినప్పుడు ఏమైందో చూశాం కదా అని ఇంకొకరన్నారు. అక్కడితో ఆ గొడవ ఆగింది.

వరసలో కూడా ఆఫీసు విభాగాల క్రమం తీసేసి, ఆఫీసుకు వచ్చేవాళ్ళు ఎక్కువగా ఏం అడుగుతారో అది ముందు పెట్టాం. అది మా వి.ఓ.ఏ. చెల్లెళ్ళకు నోటికొచ్చు. మా చరిత్ర, మా లక్ష్యాలు అట్టడుగుకు పోయాయి. "ఇక్కడ నొక్కండి" అన్న మాట మొత్తం సైటులోంచి ఏరి తీసేశాం. టాక్‌బ్యాక్ వినేవాళ్ళకు లింకులు ఒక్కొక్కటీ విడిగా వినపడతాయి. పన్నెండుసార్లు "ఇక్కడ నొక్కండి" అంటే ఏ ఇక్కడో ఎవరికి తెలుసు? లింకు మీదే "బీమా క్లెయిము ఫారం" అని ఉండాలి.

ఇంకో సంగతి డీటీపీ చేసే చెల్లెళ్ళు వినండి. మన పాత కాగితాలన్నీ అనూ ఫాంట్లలో టైపు చేసినవి. అచ్చుకు అవి బాగుంటాయి. కానీ అందులో ఉన్నవి నిజమైన తెలుగు అక్షరాల సంకేతాలు కావు, ఇంగ్లీషు గుర్తులకు తెలుగు వేషం వేసినవి. చదివే సాఫ్ట్‌వేరు వాటిని చదవబోతే పిచ్చి కూతలే వినపడతాయి, వెతికే పెట్టెకు కూడా దొరకవు. ఇకమీదట సైటుకెక్కే ప్రతిదీ యూనికోడ్‌లో ఉండాలని కూడా తీర్మానం రాశాం.

కొందరు అడిగారు, "ఇప్పుడంతా వాట్సాప్ కదా, మన మిత్రలో అన్నీ వస్తున్నాయి, ఇంకా వెబ్‌సైటెందుకు" అని. మన మిత్ర 2025 జనవరి 30న మొదలైంది, మేమూ వాడుతున్నాం, బాగుంది. కానీ అందులోకి వెళ్ళగానే అది మొదట ఏం చేస్తుంది? ఏ సేవ కావాలో ఎంచుకోండి అని జాబితా చూపిస్తుంది. జాబితా లేకుండా అక్కడా పని జరగదు. పైగా అది సర్కారు సేవలకు. మన సమాఖ్య ఆడిట్, మన తీర్మానాలు, మన ఫిర్యాదు పెట్టె మన సైటులోనే ఉండాలి.

ఇప్పుడు వాడే పద్ధతి. మన సైటులో మీరు ఏ పేజీలో ఉన్నా సరే, కిందకి జరుపుకుంటూ అట్టడుగుకు పొండి. ఆఖరి వరసలో "అన్ని పేజీలూ ఒక్కచోట" అని ఉంటుంది. పైన మూడు గీతల మెనూలో కూడా పెట్టాం, దాని బటనుకు ఇప్పుడు పేరుంది. ఫోను చేతికి తీసుకోనివాళ్ళ కోసం అదే పేజీని పెద్ద అక్షరాల్లో కాగితం మీద తీయించి ప్రతి గ్రామ సంఘానికీ ఒకటి ఇస్తున్నాం. గోడకు అంటించండి. ఏది ఉందో తెలిస్తే నెట్ సెంటరులో "ఫలానాది తీయండి" అని అడగొచ్చు. లేదన్నాడంటే వేలు పెట్టి చూపించొచ్చు.

ఈ పేజీతో అన్నీ బాగుపడ్డాయని చెప్పడానికి మేం రాలేదు. పటం పాతబడితే పటం లేకపోవడం కంటే ప్రమాదం, మనిషిని తప్పు దారి పట్టిస్తుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: సైటులో ఎవరు కొత్త పేజీ పెట్టినా ఆ రోజే పటంలో ఎక్కించాలి. ఎక్కించినట్టు తీర్మానాల పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టాలి. నెలకొకసారి మా ఉపసంఘంలో ఒకరు ప్రతి లింకూ నొక్కి చూడాలి. రెండు నెలలు సక్రమంగా జరిగింది. మూడో నెల వరి కోతల్లో మర్చిపోయాం. మళ్ళీ మొదలుపెట్టాం.

పేజీ పెట్టాక ఆ చెల్లెమ్మను మళ్ళీ పిలిచాం. ఈసారి మేం మాట్లాడకుండా కూర్చున్నాం. ఫోను చదువుతూ వెళ్ళింది. "లోను కావాలంటే"... "కిస్తీ, వడ్డీ లెక్కలు"... "సభ్యురాలు చనిపోతే చేయాల్సినవి"... ఆవిడ వేలు ఆగింది. లోపలికి వెళ్ళింది. "బీమా క్లెయిము ఫారం" అంది ఫోను. మేం చప్పట్లు కొట్టబోయాం. ఆవిడ "ఆగండక్కా" అని ఫారం తెరిచింది. ఫోను "చిత్రం" అని ఊరుకుంది. ఆ ఫారం ఎవరో స్కాను చేసి ఎక్కించిన కాగితం బొమ్మ. దాంట్లో ఒక్క అక్షరం కూడా ఫోనుకు వినిపించదు.

ఫారాలన్నిటినీ మళ్ళీ టైపు చేయాలి. వచ్చే సంవత్సరానికి మేం పెట్టుకున్న పని అదే. తెలుగు టైపింగు వచ్చిన చెల్లెళ్ళు ఈ సభ అయ్యాక, భోజనాల పందిరి పక్కన మా బల్ల దగ్గర పేర్లు రాయించండి.